మాక్‌లో 105 అనిపించి కీ చూస్తే 70: మన ధీమాను మనం కొలుచుకోవడం ఎలా?

మీ ప్రశ్నను కుదించి చెప్తాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని సివిల్స్ ప్రిలిమ్స్‌కు చదువుతున్నారు. మాక్ రాసి బయటికొచ్చిన ప్రతిసారీ 105 దాకా వస్తాయనిపిస్తోంది, కీ పెట్టి దిద్దుకుంటే 70 దగ్గర ఆగిపోతోంది. మీ రూమ్మేట్ మాత్రం "ఏం రాయలేదురా" అంటూనే 95 తెచ్చుకుంటున్నాడు. ఇది డన్నింగ్-క్రూగర్ ఎఫెక్టేనా, అంటే తక్కువ వచ్చినవాళ్లే తమకు ఎక్కువ వచ్చనుకోవడమా, కాన్ఫిడెన్స్ తగ్గించుకోవాలా, అసలు మన స్థాయి మనకు తెలిసేదెలా అని అడిగారు.

సూటి సమాధానం ముందు. కాన్ఫిడెన్స్ తగ్గించుకోకండి, దానికి లెక్క పెట్టండి. ప్రతి బిట్‌కూ జవాబు పెట్టిన వెంటనే అది కరెక్ట్ అయ్యే అవకాశం ఎంతనుకుంటున్నారో 25, 50, 75, 95 ఈ నాలుగింట్లో ఒక అంకె వేయండి. కీ చూశాక ఏ అంకె వేసిన బిట్లలో నిజంగా ఎన్ని కరెక్టయ్యాయో విడివిడిగా లెక్కగట్టండి. ఐదు మాక్‌లకు ఇలా చేస్తే మీ ధీమాను ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. 35 మార్కుల తేడా ఒక్కచోట నుంచి రాదు. మూడు నాలుగు చోట్ల కొంచెం కొంచెంగా పోగవుతుంది, ఒక్కో చోటికీ మందు వేరు. "నాకు ఓవర్ కాన్ఫిడెన్స్" అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటే అందులో ఏ ఒక్కటీ దిద్దుకోలేరు.

ఇక ఆ పేరు సంగతి. జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ప్రచురించిన ప్రయోగాలవి, కోర్నెల్ యూనివర్సిటీ విద్యార్థులతో చేశారు. లాజిక్, ఇంగ్లిష్ గ్రామర్, ఏ జోకు బాగుందో తేల్చడం ఇలాంటి వాటిలో పరీక్ష పెట్టి, మిగతావాళ్లతో పోలిస్తే మీరెక్కడుంటారని అడిగారు. అడుగు పావు భాగంలో ఉన్నవాళ్లు నిజానికి సగటున 12వ పర్సంటైల్‌లో (అంటే వందమందిలో 12 మందికంటే పైన) ఉండి, 62 దగ్గర ఉన్నామనుకున్నారు. పై పావు భాగం వాళ్లు తమను కాస్త తక్కువ చేసి చూసుకున్నారు. కొంచెం నేర్చుకోగానే ధీమా కొండెక్కి, తర్వాత లోయలో పడుతుందని చూపిస్తూ వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ తిరిగే ఆ గ్రాఫ్ ఆ పేపర్‌లో లేదు. పైగా ఆ ఫలితంలో కొంత భాగం వట్టి లెక్కల వల్లే వస్తుందని తర్వాతివాళ్లు చూపించారు. అట్టడుగున ఉన్నవాడి అంచనా తప్పితే పైకే తప్పుతుంది, కిందికి తప్పడానికి చోటు లేదు. పై వాడికి ఇది తలకిందులు. కంప్యూటర్‌తో ఇష్టమొచ్చిన అంకెలు వేయించినా కొంతవరకు అలాంటి బొమ్మే వస్తుంది. అందుకే ఆ పేరు తగిలించుకుని కుంగిపోవాల్సిన పని లేదు.

ఆ పేపర్‌లో మీకు పనికొచ్చేది చివరి ప్రయోగం. లాజిక్‌లో అడుగున ఉన్నవాళ్లకు కొద్దిసేపు శిక్షణ ఇచ్చి, వాళ్ల పాత జవాబు పత్రాన్నే మళ్లీ చూపిస్తే, తమ అంచనాను తామే తగ్గించుకున్నారు. ఎవరూ తిట్టలేదు, అణకువగా ఉండమని చెప్పలేదు. విషయం వచ్చేకొద్దీ తప్పు కనిపించింది.

ఓవర్ కాన్ఫిడెన్స్ అని మనం ఒకే పేరుతో పిలిచేవి మూడు వేర్వేరు సంగతులని డాన్ మూర్, పాల్ హీలీ అనే పరిశోధకులు 2008లో విడమర్చారు. మొదటిది, మన స్కోరునే ఎక్కువ అంచనా వేసుకోవడం. రెండోది, తోటివాళ్లకంటే పైన ఉన్నామనుకోవడం. మూడోది, మన అంచనా అటూ ఇటూ కాదని మరీ గట్టిగా నమ్మడం, అంటే "102 నుంచి 108 మధ్య పక్కా" అనడం. ఈ మూడూ కలిసే ఉంటాయని లేదు. పేపర్ కష్టంగా వచ్చినప్పుడు మనుషులు తమ మార్కులను ఎక్కువ ఊహించుకుంటారు, అదే సమయంలో మిగతావాళ్లకంటే వెనకబడ్డామనీ అనుకుంటారు. తేలిక పేపర్‌లో ఇది తిరగబడుతుంది. మీరు చెప్పినదాన్నిబట్టి మీది మొదటిది, కొంత మూడోది. మీ రూమ్మేట్‌ది మరో తీరు, అతని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎందుకు ఇలా జరుగుతుంది? చదివింది మళ్లీ చదివితే కళ్లు జారిపోతాయి, ఎక్కడా ఆగవు. ఆ జారుడునే మెదడు "వచ్చేసింది" అని లెక్కేసుకుంటుంది. రోడిగర్, కార్పికె 2006లో దీన్ని చక్కగా పట్టుకున్నారు. ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా చెప్పింది మాత్రం చదివిన గుంపే. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచీ కూర్చుని లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకాన్ని నాలుగో రౌండ్ తిప్పేవాళ్లకు మాక్‌లో జరిగేది సరిగ్గా ఇదే. చదివిన రోజు రాత్రి వేసుకునే అంచనాకు విలువ లేదు. కనీసం ఒక రోజు గడిచాక, పుస్తకం మూసి, ప్రశ్న మాత్రమే చూసి వేసుకునే అంచనా చాలా దగ్గరగా వస్తుంది.

ఇక లెక్క పెట్టే పద్ధతి. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఒకటి రెండుసార్లు చేసి, తప్పుగా చేసి, పనిచేయలేదని వదిలేస్తారు.

అంకెలు నాలుగే పెట్టుకోండి. 60కీ 65కీ తేడా పరీక్ష హాల్లో ఎవరికీ తెలియదు. 95 అంటే పందెం కాయగలిగినంత నమ్మకం. 75 అంటే "ఇదే అనుకుంటా, కానీ ఒక్క చోట అనుమానం." 50 అంటే రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టడం. 25 అంటే గుడ్డిగా పెట్టడం. 100 వేయకండి, వేస్తే ఆ బిట్ గురించి ఆలోచించడం ఆగిపోతుంది.

ఎక్కడ రాయాలన్నది కూడా ముఖ్యమే. జవాబులు దిద్దే ఓఎంఆర్ షీట్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. యూపీఎస్సీ అసలు పరీక్షలో ప్రశ్నల బుక్‌లెట్ మీద రోల్ నంబర్ తప్ప ఇంకేమీ రాయొద్దని సూచనల్లోనే ఉంటుంది, రఫ్ వర్క్‌కు చివర పేజీలు ఇస్తారు. కాబట్టి మాక్‌లలో మొదటి నుంచే ఆ చివరి పేజీల్లోనే అలవాటు చేసుకోండి. బిట్ నంబరు, పక్కన అంకె, అంతే. 12-75, 13-95, 14-50 ఇలా. 95కి బదులు ఒక చుక్క, 75కి రెండు అని గుర్తులు పెట్టుకున్నా సరే. 100 బిట్లకు 120 నిమిషాలంటే ఒక్కో బిట్‌కు 72 సెకన్లు. ఈ అంకెకు అందులో రెండు మూడు సెకన్లకు మించి పోకూడదు.

అంకె వేసేది జవాబు పెట్టిన వెంటనే, తర్వాతి బిట్‌కు వెళ్లకముందే. చివర్లో అన్నీ కలిపి వేస్తే అప్పటికి మూడ్ మారిపోయి ఉంటుంది, పేపర్ మొత్తం ఎలా పోయిందన్న భావనే ప్రతి అంకెలోకీ వచ్చి చేరుతుంది. కీ చూస్తూ వేస్తే ఇంకా పనికిరాదు. జవాబు తెలిశాక "ఇది నాకు ముందే అనుమానంగా ఉంది" అని ప్రతివాళ్లకూ నిజంగానే అనిపిస్తుంది. బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే ఇది తేల్చాడు. అబద్ధమాడుతున్నామని మనకు తెలియదు కాబట్టే ముందే రాసి పెట్టుకోవాలి.

కీ వచ్చాక ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి ఇలా నింపండి. మీ మార్కులకు దగ్గరగా ఉండే ఒక ఊహా ఉదాహరణ ఇస్తున్నాను. 100 బిట్లలో 90 పెట్టారు, 10 వదిలేశారు.

95 గడి: 30 బిట్లు, కరెక్ట్ 24. అంటే 80 శాతం.
75 గడి: 25 బిట్లు, కరెక్ట్ 14. అంటే 56 శాతం.
50 గడి: 25 బిట్లు, కరెక్ట్ 8. అంటే 32 శాతం.
25 గడి: 10 బిట్లు, కరెక్ట్ 2.

మీ అంకెలే నిజమైతే సుమారు 62 కరెక్ట్ కావాలి, 28 తప్పు కావాలి. కరెక్ట్‌కు 2 మార్కులు, తప్పుకు మూడో వంతు కోత, అంటే 0.66. లెక్కేస్తే 106 వస్తుంది. నిజంగా అయినవి 48 కరెక్ట్, 42 తప్పు, మార్కులు 68. మధ్యలో పోయిన 38 మార్కుల్లో 95 గడి నుంచి 12, 75 గడి నుంచి 12కు పైగా, 50 గడి నుంచి మళ్లీ 12, 25 గడి నుంచి ఒకటి చిల్లర. బయటికొచ్చినప్పుడు అనిపించిన 106 గాల్లోంచి రాలేదు, మీ మనసు వేసుకున్న శాతాలను కూడితే వచ్చిందే. కూడిక తప్పలేదు, శాతాలు తప్పాయి. కరెక్టవుతుందనుకుని తప్పయిన ప్రతి బిట్ 2.66 మార్కుల తేడా తెస్తుంది. అది మర్చిపోవద్దు.

ఈ గడుల్ని చదవడంలో మూడు సంగతులు.

95 గడిలోని తప్పులు అన్నిటికంటే విలువైనవి. పై ఉదాహరణలో అవి ఆరే. మాక్ దిద్దుకునేటప్పుడు చాలామంది తెలియక వదిలేసిన బిట్ల వివరణ చదువుతూ గంటలు గడుపుతారు. ముందు ఈ ఆరింటిని తీయండి. ఇవి మీరు మళ్లీ ఎప్పటికీ వెతకని చోట్లు, ఎందుకంటే తెలుసనుకుంటున్నారు. వీటిలో మూడు రకాలుంటాయి. ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, అంటే "సరికానిది ఏది" అన్న మాట కంటికి ఆనకపోవడం. తప్పుగానే నేర్చుకోవడం. మూడోది ఎక్కువగా కనిపించేది: పక్కనే ఉన్న విషయం తెలిసి, అడిగినదే తెలుసనుకోవడం.

ఈ మూడోదాన్ని ఒక బిట్ తీసుకుని చూద్దాం. పార్లమెంటు ఉభయ సభల సంయుక్త సమావేశం. 108వ అధికరణం, పిలిచేది రాష్ట్రపతి, ఇప్పటిదాకా 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుకు, 2002లో పోటా బిల్లుకు జరిగాయి. ఇంత తెలిసినవాడికి ఆ టాపిక్ పేరు చూడగానే 95 వచ్చేస్తుంది. ప్రశ్నలో మాత్రం "సమావేశానికి ఉపరాష్ట్రపతి అధ్యక్షత వహిస్తారు", "రాజ్యాంగ సవరణ బిల్లుపై ప్రతిష్టంభన వస్తే దీన్ని జరపవచ్చు" అని రెండు వాక్యాలుంటాయి. రెండూ తప్పు. అధ్యక్షత వహించేది లోక్‌సభ స్పీకర్. రాజ్యాంగ సవరణ బిల్లుకూ ద్రవ్య బిల్లుకూ సంయుక్త సమావేశం ఉండదు. మూడు సంవత్సరాలూ కంఠస్థం ఉన్నవాడు ఇక్కడ "పిలిచేది రాష్ట్రపతి కదా, కూర్చునేది ఉపరాష్ట్రపతే అయ్యుంటాడు" అని పూరించుకుంటాడు. అది జ్ఞాపకం కాదు, ఊహ. కానీ లోపల నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే అంకె వేసేటప్పుడు టాపిక్‌కు కాదు, ఆ వాక్యానికి అంకె వేయాలి. ఈ వాక్యం నేను చదివానా, ఇప్పుడు అల్లుకుంటున్నానా అని ఒక్కసారి అడుక్కోండి. అల్లుకున్నదైతే 95ను 75 చేయండి.

50 గడిలో 32 శాతం వచ్చిందంటే సరైన జవాబును మీరే కొట్టేస్తున్నారు. రెండు ఆప్షన్లను సరిగ్గా తీసేసి ఉంటే, మిగిలిన రెండిట్లో గుడ్డిగా పెట్టినా సగం కరెక్ట్ కావాలి. 25లో 8 మాత్రమే అయ్యాయంటే ఎలిమినేషన్ తప్పింది. దీన్ని పట్టుకోవడానికి రఫ్ పేజీలో ఆ బిట్ పక్కన కొట్టేసిన ఆప్షన్లు కూడా రాసుకోండి: 14-50-ఏ,డి ఇలా. కీ చూశాక, సరైన జవాబు కొట్టేసిన వాటిలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. 25లో 9సార్లు ఉంటే, మిగిలిన 16లో సగం 8. మీ లెక్క అక్కడ కుదిరిపోయింది. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది "మాత్రమే, అన్నీ, ఎప్పుడూ అని ఉంటే తప్పు" లాంటి చిట్కాలతో కొట్టేస్తుంటారు. ఆ చిట్కాతో కొట్టేసిన వాటిని, విషయం తెలిసి కొట్టేసిన వాటిని వేరు చేసి రెండు మాక్‌లు చూడండి, ఏది ముంచుతోందో తేలిపోతుంది. 2023 ప్రిలిమ్స్‌లో "పై వాక్యాల్లో ఎన్ని సరైనవి" అన్న తీరు బిట్లు చాలా వచ్చాయి. వాటిలో ఆప్షన్లు ఒకటి మాత్రమే, రెండు మాత్రమే అని ఉంటాయి కాబట్టి కొట్టేయడానికి ఏమీ ఉండదు. వాటికి 50 వేయడమే తప్పు, తెలిస్తే 75, లేకపోతే 25.

మూడోది హెచ్చరిక. ఈ కాగితం చూసి భయపడి 50 గడి బిట్లు వదిలేయడం మొదలుపెట్టకండి. ప్రిలిమ్స్ కోత ప్రకారం లాభనష్టాలు సమానమయ్యే గీత 25 శాతం. మీకు 32 వస్తోంది. 8 కరెక్ట్‌కు 16 మార్కులు, 17 తప్పుకు 11.33 కోత, ఇంకా 4.67 మిగులు. వదిలేస్తే అదీ పోతుంది. జేఈఈ మెయిన్ లాగా 4 మార్కులకు 1 కోత ఉంటే ఆ గీత 20 శాతం. ఈఏపీసెట్‌లో కోతే లేదు, అక్కడ ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకూడదు. వదలాలా పెట్టాలా అన్నది ధైర్యానికో వినయానికో సంబంధించిన విషయం కాదు. మీ గడిలోని శాతం ఈ గీతకు పైన ఉందా కింద ఉందా అన్నదే.

అయితే ఒక్క మాక్ గడులను చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. 25 బిట్లున్న గడిలో, మీ నిజమైన సత్తా 50 శాతమే అయినా, అదృష్టం అటూ ఇటూ ఊగి 30 నుంచి 70 దాకా ఏదైనా రావొచ్చు. 100 బిట్లు పోగైతే ఆ ఊగడం 40 నుంచి 60 మధ్యకు తగ్గుతుంది. అందుకే ఐదు మాక్‌లు అన్నాను. 25 గడిలో పదే ఉంటే దాన్ని అసలు చదవొద్దు. ఇంకొక జాగ్రత్త: వేర్వేరు టెస్ట్ సిరీస్‌ల పేపర్లను ఒకే గడిలో కలపకండి. పేపర్ కష్టమయ్యేకొద్దీ అందరి అంకెలూ నిజానికంటే పైకి పోతాయి, మరీ తేలికైతే కిందికి వస్తాయి. పాత ప్రశ్నపత్రాలకు ఒక కాగితం, కోచింగ్ సెంటర్ మాక్‌లకు ఒక కాగితం పెట్టుకోండి. వీలైతే సబ్జెక్టుల వారీగా కూడా. పాలిటీలో 95 అంటే 93, ఎన్విరాన్‌మెంట్‌లో 95 అంటే 68 ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకు మొత్తం సగటు చూస్తే ఏమీ అర్థం కాదు.

చేసేటప్పుడు ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను. అన్నిటికీ 75 వేసేయడం ఒకటి, అలాంటప్పుడు కొలవడానికి ఏమీ ఉండదు. నాలుగు గడుల్లోనూ బిట్లు పడుతున్నాయో లేదో చూసుకోండి. రెండోది, మొదటి మాక్ చూసి దెబ్బతిని, రెండో మాక్‌లో ప్రతి అంకెనూ ఒక మెట్టు దించేయడం. అప్పుడు 50 గడిలో 75 శాతం కరెక్టవుతుంది. అది అణకువలా కనిపిస్తుంది కానీ అదీ తప్పు అంచనాయే, దాని వల్ల పెట్టాల్సిన బిట్లు వదిలేస్తారు. అంకె దించాలంటే కారణం ఉండాలి.

ఆ కారణం వెతకడానికి ఒక పద్ధతి ఉంది. కోరియాట్, లిక్టెన్‌స్టీన్, ఫిష్‌హాఫ్ 1980లో పరీక్షించినది. జవాబు ఎందుకు కరెక్టో రాయమంటే ధీమాలో మార్పేమీ రాలేదు, ఎందుకంటే ఆ పని మనసు ఎలాగూ చేసేసింది. ఎందుకు తప్పు కావొచ్చో ఒక్క కారణం రాయమంటే అంచనాలు నిజానికి దగ్గరయ్యాయి. పరీక్షలో అన్నిటికీ ఇది చేయడానికి టైమ్ చాలదు. రెండో రౌండ్‌లో 75 వేసిన బిట్ల దగ్గర మాత్రం పది సెకన్లు ఆగి, "ఇది తప్పైతే ఎందుకై ఉంటుంది" అని అడగండి. జవాబు మార్చాలని కాదు. కారణం గట్టిగా తగిలితేనే మార్చండి, లేకపోతే అంకె మాత్రం సవరించండి.

మాక్‌లు లేని రోజుల్లో చేయాల్సింది ఖాళీ కాగితం. యేల్‌లో రోజెన్‌బ్లిట్, కీల్ 2002లో జిప్, ఫ్లష్ టాయిలెట్, తాళం వంటివి ఎలా పనిచేస్తాయో ఎంత తెలుసని మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అడుగడుగూ వివరించి రాయమన్నారు. రాశాక మళ్లీ అడిగితే ఆ మార్కులు తగ్గాయి. మన సిలబస్‌లోంచి ఒకటి తీసుకోండి: 1908 మూసీ వరదలు. హైదరాబాద్‌లో ఉన్న ఎవరినడిగినా "వరదలొచ్చాయి, విశ్వేశ్వరయ్య వచ్చారు, రెండు చెరువులు కట్టారు" అంటారు. ఆ ఒక్క వాక్యంతో టాపిక్ అయిపోయినట్టే ఉంటుంది. ఇప్పుడు కాగితం మీద రాయండి: వరద ఏ నెలలో, ఏ రిజర్వాయర్ ఏ నది మీద, ఏది ముందు పూర్తయింది, అప్పటి నిజాం ఎవరు, కట్టినప్పుడు ఎవరు. సెప్టెంబరు 28, ఉస్మాన్‌సాగర్ మూసీ మీద, హిమాయత్‌సాగర్ ఈసీ మీద, 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి, వరద నాటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, కట్టడం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో. మీ కలం ఎక్కడ ఆగిందో అక్కడే రివిజన్ మొదలుపెట్టాలి. మొత్తం చాప్టర్ మళ్లీ చదవక్కర్లేదు. ఒక టాపిక్‌కు ఎనిమిది నిమిషాలు చాలు. రాయకముందు "ఇది నాకు పదికి ఎంత వచ్చు" అని ఒక అంకె వేసి, రాశాక ఇంకో అంకె వేయండి. నెల రోజులు ఈ రెండు అంకెల మధ్య తేడా చూసుకుంటే ఏ సబ్జెక్టులో మీ ధీమా పొంగుతోందో తెలుస్తుంది.

కీ లేని చోట్ల ఏం చేయాలి? మెయిన్స్ జవాబులు, ఇంటర్వ్యూ, ఉద్యోగ నైపుణ్యాలు. ఇక్కడ మన అంచనా మరీ బలహీనం. 2006లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో, డాక్టర్లు తమ సామర్థ్యానికి తాము వేసుకున్న అంచనాలను బయటి కొలతలతో పోల్చిన 20 సందర్భాలు చూస్తే, 13లో రెండిటికీ సంబంధం లేదు, లేదా అంతంతమాత్రం, లేదా తలకిందులు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల సంగతే ఇది. అనుభవం దానంతటది అంచనాను సరిచేయదు. వేసిన అంచనాకు వెంటనే, స్పష్టంగా జవాబు తిరిగొస్తేనే సరవుతుంది. వాతావరణ శాఖల వాళ్లు వర్షం పడే అవకాశాన్ని శాతాల్లో చెప్పి, మర్నాడే సరిచూసుకుంటారు. 70 శాతమన్న రోజుల్లో దాదాపు 70 శాతం రోజులు వాన పడేంత నేర్పు వాళ్లకు అలాగే వచ్చింది.

మెయిన్స్ జవాబు దిద్దడానికి ఇచ్చే ముందు పేపర్ వెనక మీ మార్కు వేసి మడిచి ఇవ్వండి. దిద్దినవాళ్ల మార్కుతో పోల్చండి. ఇద్దరు వేర్వేరు మనుషులు దిద్దితే ఇంకా మంచిది. అమీర్‌పేటలో కోర్సు చేసి రెజ్యూమెలో "జావా 8/10" అని రాసుకునేవాళ్లకూ ఇదే: పదికి ఎంత అని అడుక్కోవడం మానేసి, "నెట్ చూడకుండా, 30 నిమిషాల్లో, ఇచ్చిన ఫైల్ చదివి డేటాబేస్‌లో వేసే ప్రోగ్రామ్ రన్ అయ్యేలా రాయగలనా" అని అడుక్కోవాలి. అవును, కాదు అని తేలే ప్రశ్నలో పొంగడానికి చోటు తక్కువ.

టైమ్ అంచనాకూ ఇదే జబ్బు. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను అడిగితే సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు, 55 రోజులు పట్టింది. అన్నీ చెడితే ఎంత పడుతుందన్న ప్రశ్నకు 49 రోజులన్నారు, అదీ చాలలేదు. "మోడర్న్ హిస్టరీ పది రోజుల్లో ముగిస్తా" అని ప్లాన్ రాసేటప్పుడు, గత మూడు సబ్జెక్టులకు నిజంగా ఎన్ని రోజులు పట్టిందో డైరీ చూసి రాయండి. ఈసారి వేరేగా ఉంటుందన్న భావన మీద కాదు.

మీ రూమ్మేట్ విషయం. "ఏం రాయలేదురా" అని 95 తెచ్చుకునేవాడికి చాలాసార్లు తన తప్పులే కనిపిస్తాయి, మిగతావాళ్లకు అన్నీ వచ్చేసి ఉంటాయనుకుంటాడు. అతనితోనూ ఇదే కాగితం నింపించండి. 50 గడిలో 65 శాతం కనిపించే అవకాశం ఉంది. అలా వస్తే అతను 15, 20 బిట్లు అనవసరంగా వదిలేస్తున్నాడని అర్థం, మందు మీకు చెప్పినదానికి పూర్తి వ్యతిరేకం: వదిలేసిన బిట్లకు కూడా "పెట్టి ఉంటే ఏది పెట్టేవాణ్ని" అని రఫ్ పేజీలో రాసి, కీతో చూసుకోవాలి. మీరు కూడా వదిలేసిన పదింటికి అలా రాయండి. ఒకరి కాగితం ఒకరు దిద్దుకోండి, 95 గడిలోని తప్పులకు "సిల్లీ మిస్టేక్" అని సొంతగా మాఫీ ఇచ్చుకోవడం దానితో ఆగుతుంది.

ఐదు మాక్‌లు అయ్యాక మీ 95 గడి 90 దాటితే ఆ బిట్లను రెండో రౌండ్‌లో తిరగేయడం మానేసి, ఆ టైమ్ 75 వాటికి ఇవ్వండి. దాటకపోతే ఆరో మాక్ రాయడం వారం వాయిదా వేసి, ఆ గడిలోని తప్పులన్నీ ఒకచోట రాసుకుని, ఒక్కో వాక్యం పక్కన సరైన వాక్యం మీ చేత్తో రాయండి. ఆ పని అయ్యాకే ఆరో మాక్.